‘కోస్తా’, ‘తీరం’: ఈ రెండు మాటలూ ఒకటేనా?

అనువాద అభ్యాసి:

సభ్యులందరికీ నమస్కారం. పాఠశాల పిల్లల కోసం తయారవుతున్న ఒక భూగోళ పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. ఆఫ్రికా పడమటి అంచు గురించిన పాఠంలో నేను ‘ఆఫ్రికా పశ్చిమ కోస్తా’ అని వ్రాస్తే, ప్రతిని దిద్దుతున్న పెద్దాయన దానిని కొట్టివేసి ‘పశ్చిమ తీరం’ అని మార్చారు. అంతటితో ఆగి ఉంటే ఊరుకునేవాణ్ణి. రెండు పుటల తరువాత నేను ‘ఆంధ్రప్రదేశ్ తీర జిల్లాలు’ అని వ్రాసిన చోట, అదే ఎర్ర కలంతో ‘కోస్తా జిల్లాలు’ అని దిద్దారు. కారణం అడిగితే చెవికి అలాగే బాగుంటుందన్నారు. రెండు చోట్లా మూలంలో ఉన్నది ఒకే మాట. ఒక చోట తప్పయినది మరొక చోట ఒప్పు ఎలా అవుతుంది? ‘కోస్తా’ అన్నది ఆంధ్రదేశానికి మాత్రమే చెల్లే మాటా, లేక సముద్రం ఉన్న ఏ నేలకైనా చెల్లుతుందా? నిఘంటువు తెరిస్తే ఒకదానికి అర్థంగా రెండవది ఇచ్చి తప్పుకుంటున్నారు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

విశ్రాంత ఉపసంపాదకుడు:

ఆ పెద్దాయన చెవి సరిగానే పనిచేసింది, కారణం చెప్పడానికే ఆయనకు ఓపిక లేకపోయి ఉంటుంది. పత్రికలో రాత్రి విధుల్లో ఎన్నో తుపాను వార్తలు దిద్దినవాణ్ణి కాబట్టి ఆ వార్తల నుంచే చెబుతాను. తుపాను ‘తీరం దాటింది’ అని వ్రాస్తాం. ‘కోస్తా దాటింది’ అని ఎంత కొత్త విలేకరీ వ్రాయడు. అదే వార్త రెండవ వాక్యంలో ‘కోస్తాలో భారీ వర్షాలు కురిశాయి’ అంటాం. అక్కడ ‘తీరంలో భారీ వర్షాలు’ అంటే, ఇసుక మీద మాత్రమే వాన పడి ఊళ్లు పొడిగా మిగిలినట్లు ధ్వనిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు, నష్టపోయినది ఉత్తర కోస్తా.

దీనిని బట్టి నాకు తోచేది ఏమిటంటే, తీరం ఒక గీత, కోస్తా ఒక నేల. గీతను దాటవచ్చు, తాకవచ్చు, దాని వెంబడి నడవవచ్చు. నేలలో పుట్టవచ్చు, పండించవచ్చు, ఎన్నికలలో గెలవవచ్చు. తీరానికి పొడవు చెబుతాం. ఆంధ్రప్రదేశ్ తీరం 974 కిలోమీటర్లని మనమంతా చదువుకున్నాం. ఈ మధ్య మరింత సూక్ష్మంగా కొలిచిన తరువాత ఆ లెక్క 1,053 కిలోమీటర్లయింది. వంకరలన్నీ లెక్కలోకి వచ్చేసరికి గీత పొడవు పెరిగింది కాని, దాని వలన కోస్తా పెరిగిందని ఎవరూ అనుకోలేదు.

మరొక పరీక్ష కూడా చేసి చూడండి. నదికి తీరం ఉంటుంది, చెరువుకు కూడా ఉండవచ్చు. ‘గోదావరి తీరం’ అనగలం. ‘గోదావరి కోస్తా’ అని ఎవరైనా అంటే, గోదావరి జిల్లాల సముద్రపు వైపు గురించి చెబుతున్నారనుకుంటాం తప్ప నది ఒడ్డు తలపునకు రాదు.

అక్షరశోధి:

అర్థం మీద ఉపసంపాదకుడు గారితో ఏకీభవిస్తూ, ఆ మాట పుట్టుక గురించి కొంత చేరుస్తాను. ‘కోస్తా’ పోర్చుగీసు మాట. దానికి మూలమైన లాటిను పదానికి పక్కటెముక అని అర్థం. ఎముక నుంచి పక్క, పక్క నుంచి నేల అంచు అనే అర్థాలు వచ్చాయి. ఇంగ్లీషువారి ‘కోస్ట్’ కూడా అదే లాటిను పదం నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన దాయాది. అందువల్ల మన మాట ఇంగ్లీషు నుంచే వచ్చి ఉండవచ్చు కదా అని చాలామంది అనుకుంటారు. కాదనడానికి సాక్ష్యం ఆ మాటలోనే ఉంది.

తెలుగువాడు ఇంగ్లీషు మాటలోని ఆ హల్లును ‘ట’గా వింటాడు. పోస్టు, టికెట్టు, కోర్టు అన్నీ అలా వచ్చినవే. పోర్చుగీసువారు నాలుకను పళ్లకు తాకించి పలికే హల్లును ‘త’గా విన్నాడు. మేస్త్రీ, బొత్తాం ఆ దారిన వచ్చాయి. చొక్కాకు కుట్టే ఒకే వస్తువు పోర్చుగీసు ఓడలో వస్తే ‘బొత్తాం’ అయింది, ఇంగ్లీషు ఓడలో వస్తే ‘బటన్’ అయింది. ఆ లెక్కన ఇంగ్లీషు నుంచి వచ్చి ఉంటే మనకు ‘కోస్టు’ అనే మాట ఉండేది. దంత్యమైన ‘త’, చివర దీర్ఘం, రెండూ పోర్చుగీసు వైపే చూపుతున్నాయి. డచ్చివారి మాటలో అచ్చు వేరు, చివర ఆకారం లేదు. ఫ్రెంచివారి మాటలో సకారమే జారిపోయింది.

ఇంకొక తమాషా ఉంది. మధ్య అమెరికాలోని ఒక దేశం పేరులో ఉన్నది కూడా ఈ మాటే. స్పానిషులో దానికి సంపన్న తీరం అని అర్థం. కాని ఆ పేరు మనకు ఇంగ్లీషు పుస్తకాల మీదుగా చేరింది కనుక ‘కోస్టారికా’ అని టకారంతో వ్రాస్తున్నాం. ఒకే మాట రెండు దారుల్లో ప్రయాణించి, ఏ దారిన వచ్చినదీ తన హల్లులోనే దాచుకుని మన భాషలో నిలిచింది.

అనువాద అభ్యాసి:

అక్షరశోధి గారూ, బొత్తాం ఉదాహరణతో నా సందేహంలో సగం తీరింది. కాని పోర్చుగీసువారు గోవాలో, కొచ్చిలో బలపడ్డారు గాని మన వైపు రాజ్యమేలలేదు కదా. వారు పాలించని చోట వారి మాట ఒక ప్రాంతానికి పేరుగా ఎలా పాతుకుపోయింది?

అక్షరశోధి:

మాట నాటుకోవడానికి పాలన అక్కరలేదు, బేరం చాలు. పోర్చుగీసు వర్తకులు పదహారవ శతాబ్దంలోనే పులికాట్‌లో, మైలాపూరులో స్థిరపడ్డారు. మచిలీపట్నంలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు కొఠీలు తెరిచే నాటికి రేవుల్లో నాలుగు దేశాల మనుషులు మాట్లాడుకునే ఉమ్మడి భాష ఒక రకమైన వచ్చీరాని పోర్చుగీసు. ఎంతగా అంటే, ఈస్టిండియా కంపెనీకి 1698లో ఇచ్చిన సనదులో, ఇక్కడికి వచ్చే మతాచార్యులు ఏడాదిలోగా పోర్చుగీసు నేర్చుకోవాలన్న షరతు పెట్టారు. పైగా కంపెనీవారి కాగితాలలో ఏ విశేషణమూ లేకుండా ‘తీరం’ అంటే కోరమాండల్ తీరమే, ‘అఖాతం’ అంటే బెంగాలే. ఆ కోరమాండల్ అన్నది కూడా మన చోళమండలానికి పోర్చుగీసు నోట పట్టిన రూపమేనని చాలామంది పండితుల అభిప్రాయం. పేరు పెట్టవలసిన అవసరం ఓడలో వచ్చినవాడికి ఉంటుంది. ఒడ్డున పుట్టినవాడికి అది ఊరే తప్ప అంచు కాదు కదా.

సర్కారు బండి:

చర్చ బాగుంది కాని ఒక మెట్టు దాటవేశారు. రేవులో ఆ మాట ఉండి ఉండవచ్చు, కాని మా తాతగారి తరం తమ ప్రాంతాన్ని కోస్తా అనలేదు, ‘సర్కారు జిల్లాలు’ అన్నది. మొగలు పాలనలో సుబాకు లోబడిన విభాగం సర్కారు. చికాకోలు (నేటి శ్రీకాకుళం), రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు అనే ఐదింటినీ కలిపి ఉత్తర సర్కారులు అనేవారు. వీటిని 1753లో నిజాము ఫ్రెంచివారికి ఇచ్చాడు. 1765లో ఇంగ్లీషువారు మొగలు చక్రవర్తి నుంచి ఫర్మానా తెచ్చుకుని, మరుసటి సంవత్సరం నిజాముతో ఒడంబడిక చేసుకున్నారు. గుంటూరు 1788లో వారి చేతికి వచ్చింది. నిజాముకు ఏటా కట్టవలసిన సొమ్మును 1823లో ఒక్కసారిగా చెల్లించి ఆ బాధ్యతనూ వదిలించుకున్నారు. నవాబులు, దొరలు ఇంతమంది మారినా సర్కారు అన్న పేరు మాత్రం మారలేదు.

ఆ పేరు ఏ ఉత్తర్వూ లేకుండానే వాడుక నుంచి జారిపోయింది. పొరుగున ఉన్న దత్తమండలం సంగతి అలా కాదు. నిజాము కంపెనీకి ఇచ్చివేసిన జిల్లాలన్న అర్థంలో ఉన్న ఆ పేరు తమకు అవమానమని అక్కడివారు బాధపడి, 1928లో నంద్యాలలో సభ జరుపుకుని రాయలసీమ అని పేరు మార్చుకున్నారు. మా వైపు అటువంటి సభ ఏదీ జరగలేదు. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక గురించి చెప్పేటప్పుడు నేడు అందరూ ‘కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య’ అంటారు. రెండవ పేరును కోరి పెట్టుకున్నారు. మొదటిది మాత్రం, వ్రాసుకోవడానికి వీలుగా ఉన్నదని ఎవరో వాడగా మిగిలిపోయినట్లుంది. ఇప్పుడు సర్కారు అన్న పాత పేరు మా కాకినాడ నుంచి చెంగల్పట్టు వెళ్లే రైలుబండి మీద మాత్రమే బతికి ఉంది. నా ఈ పేరు దాని నుంచి తీసుకున్నదే.

సింహపురి:

సర్కారు బండి గారు చెప్పిన ఐదు సర్కారులలో నెల్లూరు లేదన్న సంగతి గమనించారా? మాది ఆర్కాటు నవాబు ఏలుబడి. 1801లో కంపెనీ పరమైంది. కనుక మేము ఏనాడూ సర్కారువాళ్లం కాము, అయినా కోస్తావాళ్లం అయ్యాము. సర్కారు అన్న మాట వాడుకలో వెనకబడడానికి ఇదొక కారణమని నా ఊహ. ఆంధ్రరాష్ట్రం కోసం నెల్లూరునూ గుంటూరునూ ఒకే గాటన కట్టవలసి వచ్చినప్పుడు ఉభయులకూ సరిపడే మాట కావలసి వచ్చింది. నవాబులు వేరైనా సముద్రం ఒకటే.

అయితే భాష దగ్గరికి వచ్చేసరికి ఈ కోస్తా మళ్లీ ముక్కలవుతుంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించినప్పుడు నెల్లూరును రాయలసీమతో కలిపి దక్షిణ మండలంలో ఉంచారు. శ్రీకాకుళం, విశాఖలది పూర్వ మండలం. మిగిలిన నడిమి జిల్లాలది మధ్య మండలం. ‘కోస్తా యాస’ అని సినిమావాళ్లు అనేది ఆ మధ్య మండలపు మాటనే. మా నెల్లూరు మాట విన్నవారెవరూ దానిని కోస్తా యాస అనరు.

ఏటిమొగ:

అయ్యలారా, మా తాతలు, తండ్రులు కాకినాడ, ఉప్పాడల మధ్య సముద్రంలో వేట చేసినవారు. నేను ఉద్యోగం కోసం హైదరాబాదుకు వచ్చాను. ఈ చర్చ చదివిన తరువాత గుర్తు చేసుకుని చూస్తే, మా ఇంట్లో ‘కోస్తా’ అన్న మాట రేడియోలో తప్ప ఎవరి నోటా విన్న జ్ఞాపకం లేదు. ‘తీరం’ కూడా అరుదే. సముద్రానికి ఆనుకుని బతికేవారికి మీరు చెప్పిన గీతా లేదు, నేలా లేదు. మావన్నీ చోటును బట్టి, పనిని బట్టి మారే మాటలు.

నీళ్ల మీద ఉన్నవాడు చూసేది ఒడ్డు. ప్రాణాలతో బయటపడ్డవాడు చేరేది దరి. పడవ కట్టేది రేవు. ఏరు సముద్రంలో కలిసే నోరు మొగ, నా ఈ పేరు కాకినాడలోని అటువంటి చోటుదే. ఆటుపోట్ల నీరు లోపలికి వచ్చి పోయే కాలువ ఉప్పుటేరు. ఆ ఉప్పుకు వరి పండక బీడుపడిన నేల పర్ర. మనుషులు వరుసగా నిలబడి ఒడ్డు నుంచి లాగే అలివి వలకు ఇసుక చదునుగా ఉన్న ఒడ్డు కావాలి, రేవు ఉంటే పనికిరాదు. ఈ తేడాలు తెలియకపోతే పూట గడవదు, అందుకే ఇన్ని మాటలు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు వేట నిషేధం ఉంటుంది. ఆ ఉత్తర్వులో ‘తీరం’ ఉంటుంది. మా అమ్మ మాత్రం ‘నాన్న ఒడ్డున ఉన్నాడు’ అంటుంది. ఆ మాటకు ఆదాయం లేదని అర్థం.

ఉప్పాడలో సముద్రం ఊరిని కోసుకుంటూ వస్తున్నది. పత్రికలు ‘తీరం కోతకు గురవుతోంది’ అని వ్రాస్తాయి. మావాళ్లు ‘సంద్రం ఇల్లు తీసుకుపోయింది’ అంటారు.

అక్షరశోధి:

ఏటిమొగ గారూ, మీ జాబితా చూసిన తరువాత పాత కావ్యభాషలోని ఒక మాట గుర్తుకు వచ్చింది: చెలియలికట్ట. సముద్రం తనంతట తాను దాటక నిలిచే హద్దు అని దానికి అర్థం, సంస్కృతంలో ‘వేల’కు సమానం. తీరంలాగా చూసేవాడి మాట కాదిది, కోస్తాలాగా ఏలేవాడి మాట కూడా కాదు. సముద్రానికే ఒక మర్యాద ఉన్నదని ఒప్పుకునే మాట. ఉప్పాడలో దాటుతున్నది ఆ చెలియలికట్టనే. ఇంత మంచి మాటను పుస్తకాలకే వదిలివేశాము.

గుంతకల్లు జంక్షన్:

నేను సీమవాసిని. కోస్తా అంటే సముద్రపు వాసన ఉన్న నేల అని మీరు అనుకుంటున్నారేమో గాని, మాకు అది దిక్కు పేరు, కాలువ నీరు పారే వైపు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి, బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయిన తరువాత ఏర్పడిన తేడా అది. మా పెద్దలు ‘కోస్తాలో సంబంధం చేశాము’ అంటే వియ్యంకుల ఊరి నుంచి సముద్రం కనబడుతుందని కాదు, మూడు పూటలా వరి అన్నం తింటారని.

ఇంకొక విడ్డూరం చూడండి. పాత తొమ్మిది కోస్తా జిల్లాలలో ప్రతి ఒక్కటీ ఎక్కడో ఒక చోట సముద్రాన్ని తాకేది. నాలుగు సీమ జిల్లాలలో ఒక్కటీ తాకేది కాదు. అంటే పేరుకూ పటానికీ అప్పటిదాకా ఏ పేచీ లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 26 అయిన రోజున అది చెడింది. ఏలూరు, ఎన్టీఆర్, పల్నాడు, గుంటూరు, రాజమహేంద్రవరం కేంద్రంగా మిగిలిన తూర్పు గోదావరి, వీటికి సముద్రం లేదు, అయినా కోస్తా జిల్లాలే. మా సీమ లెక్కలోకి వచ్చే తిరుపతి జిల్లాకు పులికాట్ సరస్సు, శ్రీహరికోట, అసలు సిసలైన సముద్రపు ఒడ్డు వచ్చాయి. దానిని కోస్తా అని మాత్రం ఎవరూ అనడం లేదు. కోస్తా అంటే సముద్రమే అయితే రాకెట్లు ఎగురుతున్నది కోస్తా నుంచా, సీమ నుంచా?

మా ఊరి డివిజన్ను దక్షిణ కోస్తా రైల్వేలో చేర్చారు. గుంతకల్లు స్టేషనులో నిలబడి ఎటు చూసినా నల్లరేగడి తప్ప నీటి చుక్క కనిపించదు, అయినా మేమూ ఇప్పుడు కోస్తావాళ్లమే.

పాలమూరు పాఠకుడు:

మాకు సముద్రమే లేదు కాబట్టి దూరం నుంచి ఒక మాట. తెలంగాణలో వ్యవహారంలో వినబడేది కోస్తా కాదు, ఆంధ్ర. ఉద్యమ కాలంలో ‘సీమాంధ్ర’ అన్న మాట బాగా ప్రచారంలోకి వచ్చినప్పుడు ఒక వింత జరిగింది. అందులో రాయలసీమకు సగం దక్కింది, మిగిలిన సగంలో ‘ఆంధ్ర’ చేరింది, కోస్తా పూర్తిగా మాయమైంది. తనకంటూ పేరున్న ప్రాంతాన్ని పేరు పెట్టి పిలిచారు, పేరు అరువు తెచ్చుకున్నదానిని మొత్తం జాతి పేరుతోనే పిలిచారు.

వ్యాకరణాభిమాని:

పాలమూరు గారు సమాసం ప్రస్తావన తెచ్చారు కనుక నా అభ్యంతరం కూడా వినండి. ‘కోస్తాంధ్ర’ అన్నది దుష్టసమాసం. సవర్ణదీర్ఘ సంధి సంస్కృత పదాల మధ్య జరగవలసినది. పోర్చుగీసు మాటకు ఆంధ్ర శబ్దాన్ని దీర్ఘంతో అతికించడం కుదరదు. ‘కోస్తా ఆంధ్ర’ అని విడిగా వ్రాయాలి, లేదా ‘తీరాంధ్ర’ అనాలి.

విశ్రాంత ఉపసంపాదకుడు:

వ్యాకరణాభిమాని గారి నియమం సరైనదే, కాని ఆ నియమం అమలు జరిపితే ముందుగా ‘జిల్లాధికారి’ పదవి పోతుంది. జిల్లా అరబ్బీ మూలం నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన మాట, అధికారి సంస్కృతం. ఆ రెండింటినీ దీర్ఘంతోనే కలిపి, తరాలుగా అర్జీలు వ్రాస్తున్నాం. ఆకారంతో ముగిసే పరాయి మాటను తెలుగువాడి నోరు తత్సమం లాగానే చూసుకుంటున్నది. ఇక ‘తీరాంధ్ర’ నిర్దుష్టమైన సమాసమే, వ్యాసాలలో నేనూ వాడాను. కాని సంతలో ఎవరినైనా ‘మీది తీరాంధ్రనా?’ అని అడిగి చూడండి.

సమాసాల మాట వచ్చింది కనుక, ‘కోస్తా తీరం’ అన్న ప్రయోగం మీద కూడా నా మనసు మారిందని ఒప్పుకోవాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అది కనబడిన ప్రతి చోటా పునరుక్తి అని కొట్టివేసేవాణ్ణి. అర్థం తెలియక ఒకే మాటను రెండు భాషల్లో రెండుసార్లు అంటున్నారని కొత్త విలేకరులను మందలించాను కూడా. ఈ చర్చ తరువాత ఆలోచిస్తే తప్పు నాదే. కోస్తా నేల పేరు అయినప్పుడు దానికి ఒక తీరం ఉండటంలో పునరుక్తి ఏముంది? ‘కొంకణ తీరం’ అన్నట్లే అది. ఆ కుర్రవాళ్లలో ఒకరు ఇప్పుడు నాకంటే పెద్ద హోదాలో పదవీ విరమణ చేశారు, ఫోను చేసి చెప్పాలి.

ఒకటి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ‘కోస్ట్ గార్డ్’కు ‘తీర రక్షక దళం’ అని చక్కగా స్థిరపడిన మాట ఉండగా కొందరు ‘కోస్తా రక్షక దళం’ అని వ్రాస్తున్నారు. వారు కాపాడేది గీతను, మన తొమ్మిది జిల్లాలను కాదు.

సింహపురి:

మరి పత్రికల్లో ‘కోస్తా కర్ణాటక’ అని వస్తున్నదే? అది కూడా తప్పేనా?

విశ్రాంత ఉపసంపాదకుడు:

తప్పు కాదు. మంగళూరు, ఉడుపి, కార్వారలను కలిపి అక్కడ కూడా జిల్లాల సముదాయం ఒకటి ఉంది, కన్నడిగులు దానిని కరావళి అంటారు. రాష్ట్రంలో మిగిలిన భాగాలకు ఎదురుగా నిలిపి చెప్పవలసిన నేల ఉన్నది కనుక కోస్తా అతుకుతుంది. ఆఫ్రికా పాఠంలో ఓడలు వెళ్లే దారి చెబుతున్నారా, అక్కడి జనం జీవనం చెబుతున్నారా అన్నదానిని బట్టి చూడాలి.

అనువాద అభ్యాసి:

అందరికీ కృతజ్ఞతలు. నా పాఠంలో ఉన్నది ఓడల దారే, అందుకని ‘పశ్చిమ తీరం’ అన్న దిద్దుబాటును ఉంచాను. ‘కోస్తా జిల్లాలు’ కూడా ఉంచాను, కాని గుంతకల్లు జంక్షన్ గారి పుణ్యమా అని, ఆ పక్కనే ఉన్న ‘సముద్రాన్ని ఆనుకుని ఉన్న జిల్లాలను కోస్తా జిల్లాలు అంటారు’ అన్న నిర్వచనాన్ని తొలగించవలసి వచ్చింది. దాని స్థానంలో ఏమి వ్రాయాలో పెద్దాయనకూ నాకూ ఇంకా కుదరలేదు. పాఠం చివరి అభ్యాసంలో పిల్లలకు పటం ఇచ్చి, సముద్రం లేని కోస్తా జిల్లాలనూ సముద్రం ఉన్న సీమ జిల్లానూ గుర్తించమని ఒక ప్రశ్న చేర్చాను. ఏటిమొగ గారూ, మీ అనుమతి ఉంటే పర్ర, మొగ, ఉప్పుటేరు మాటలను కూడా పటం మీద వేయిస్తాను. పర్ర అని మీ వైపు ‘ర’ను ఒత్తి పలుకుతారా, తేలికగానా?

ఏటిమొగ:

ఒత్తే పలుకుతాం. అనుమతి దేనికండీ, వేయించండి. మొగ దగ్గర ఇసుక మేట కూడా వేయించండి. వానలు తగ్గాక అది అడ్డం పడితేనే పడవలు బయటకు రాలేక ఒడ్డున ఉండిపోతాయి.